తనంతట తానే లేచిన మీట

"పిన్నీ, నువ్వు ముట్టుకోలేదు కదా. అదెలా కదిలింది?"

గంట కళ్లు ఇంతింత చేసుకుని చూస్తోంది. గొంతు ఖంగుమంటుందని క్లాసులో అందరూ ఆమెను గంట అనే పిలుస్తారు. వాళ్ల పిన్ని స్టూడియోలో పాటలు మిక్సింగ్ చేస్తుంది. బల్ల మీద వరసగా మీటలు ఉన్నాయి, ఒక్కో గొంతుకు ఒక్కోటి. పైకి తోస్తే ఆ గొంతు పెరుగుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది.

"ఇందాక నా వేలు ఎలా జరిపిందో దానికి గుర్తుంటుంది. పాట మళ్లీ వేస్తే అలాగే కదులుతుంది," అంది పిన్ని.

"అయితే మొత్తం అదే చేసుకోవచ్చుగా? నీకెందుకీ తంటా?"

"ఏ మాట దగ్గర ఎవరు వినబడాలో దానికేం తెలుసే? మనం విని, చేత్తో జరపాలి."

పాట గంట క్లాసు పిల్లలదే. రేపు పొద్దున బడి స్పీకర్లో వేస్తారు. చివరి చరణంలో ఒక్క లైను గుసగుస అనే పిల్ల పాడుతుంది, గంటతో కలిపి మిగతా నలుగురూ వెనక రాగం తీస్తారు. గుసగుస గంటకు ప్రాణస్నేహితురాలు. మాట్లాడితే పక్కవాళ్లకే సరిగా వినబడదు, అందుకే ఆ పేరు. ఆ ఒక్క లైను కోసం నెల రోజులు సాధన చేసింది.

ఫోన్ రావడంతో పిన్ని బయటికి వెళ్లింది. పాట నడుస్తూనే ఉంది. గంట చెయ్యి ఊరుకుంటేనా? తన మీటను కాస్త పైకి తోసింది. అబ్బ, ఎంత బాగుందో! ఇంకాస్త తోసింది. పాట అయ్యేదాకా వేలు తియ్యనే లేదు.

పిన్ని తిరిగొచ్చి పాట మొదటి నుంచి వేసింది. గంట ఏమీ ఎరగనట్టు కూర్చుంది. ఉన్నట్టుండి గంట మీట తనంతట తానే పైకి లేచి, అక్కడే నిలబడింది. గంట ముఖం వెలవెలబోయింది. పిన్ని ఓరగా చూసిందే తప్ప పాట ఆపలేదు.

చివరి చరణం వచ్చింది. గది నిండా గంట రాగమే.

"పిన్నీ, గుసగుస లైనేదీ?"

"ఉంది. నీ గొంతు కింద నలిగిపోయింది."

రేపు స్పీకర్ దగ్గర చెవులు రిక్కించుకుని నిలబడే గుసగుస గుర్తొచ్చి, గంటకు చచ్చేంత సిగ్గేసింది.

"తప్పు నాదే పిన్నీ. నేనే సరిచేస్తాను."

మొదటిసారి తన మీట దించడం ఆలస్యమై, గుసగుస మొదటి మాట పోయింది. రెండోసారి తొందరపడింది. మూడోసారి ఊపిరి బిగబట్టి, తన మీటను మెల్లగా కిందికి లాగింది.

"నీది మరీ తగ్గించేశావేమోనే," అంది పిన్ని.

"ష్," అంది గంట, మీట మీంచి చూపు తిప్పకుండా. "గుసగుస పాడుతోంది."