నాలుగో చొక్కా

క్రిస్మస్ సెలవులకు కూతురు, అల్లుడు, ముగ్గురు పిల్లలు వస్తున్నారని తెలిసిన రోజు నుంచీ టైలర్ తాత కొట్లో కొత్త గుడ్డ తీసుకోవడం మానేశాడు. అడిగినవాళ్లకి రద్దీ అని చెప్పాడు. నిజానికి రద్దీ ఏమీ లేదు. ఇప్పుడు ఆయన దగ్గరికి వచ్చేవన్నీ జిప్పులు ఊడిన సంచులు, నడుము బిగిసిన ప్యాంట్లు. ఒకప్పుడు పెళ్లి సూట్లు కుట్టినవాణ్ణి, ఇప్పుడు ఆ పెళ్లికొడుకుల నడుములు వదులు చేస్తున్నానని తన మీద తనే జోకు వేసుకునేవాడు. వినే మనిషి లేకపోతే కుట్టుమిషన్‌కి చెప్పేవాడు. మిషన్ నవ్వేది కాదు గానీ మధ్యలో లేచి వెళ్లిపోయేదీ కాదు.

ముందు గది కొట్టు. వెనక రెండు గదులు ఇల్లు. మధ్యలో, కుట్టిన బట్టలు తొడుక్కుని చూసుకోవడానికి ఒక మూల, దానికి గోధుమరంగు తెర. భార్య పోయి ఆరేళ్లయింది. ఆవిడ పోయాక ఆ ఇంట్లో తలుపు చప్పుడైతే అది ఆయన వేసిందే, దగ్గు వినిపిస్తే అది ఆయన దగ్గిందే.

పోయినేడు పరువు పోయింది. ఎనిమిది రోజులుంటామని వచ్చినవాళ్లు మూడోరోజే పెట్టెలు సర్దారు. పిల్లలకి తోచడం లేదట. పదేళ్ల పెద్దాడైతే ఇల్లంతా ఇస్త్రీ వాసనని ముక్కు మూసుకున్నాడు. తాత చేసేది లేక కడుపు పట్టుకుని మంచమెక్కాడు. ప్రయాణం సాయంత్రం దాకా ఆగింది. అల్లుడు మంచివాడు, డాక్టర్ని ఇంటికే తీసుకొచ్చాడు. ఆ డాక్టరు పొట్ట నొక్కి, నాలుక చూసి, ఏదో చేదు మందు గుటక వేయించి, ఈయనకి ఏ జబ్బూ లేదు, ఆకలేస్తోందంతే అని తేల్చాడు. కూతురు కారెక్కుతూ అంది:

"ఇంకెప్పుడూ ఇలా చెయ్యకు నాన్నా. నిజంగా నొప్పి వచ్చిన రోజున నమ్మను."

అందుకని ఈసారి తాత ఏర్పాట్లన్నీ పక్కాగా చేశాడు. గోడలకి సున్నం వేయించాడు. కొట్లోకి పొయ్యే దారికి ఇటూ అటూ బట్టలు వేలాడే కడ్డీలు సర్ది, పిల్లలు దాక్కునేందుకు సందులు వదిలాడు. ఈ ఎనిమిది రోజులూ పూర్తిగా ఉండాలి, వచ్చే ఏడు వాళ్లంతట వాళ్లే వస్తామనాలి. ఆయనకి ఈ భూమ్మీద మిగిలిన పెద్ద పని అదొక్కటే.

అన్నిటికంటే ముఖ్యం, రాత్రి చొక్కాలు. మెత్తటి నీలం గుడ్డ, దాని మీద తెల్ల చుక్కలు, ముగ్గురికీ ఒకేలా. కొలతలు ఫోన్లో రాబట్టాడు. ఎవరిది ఎవరిదో తెలియడానికి మెడపట్టీ లోపల రంగుదారంతో చిన్న గుర్తు కుట్టాడు. పెద్దాడికి ఎరుపు, ఎనిమిదేళ్ల నడిపిదానికి పసుపు, ఐదేళ్ల చిన్నదానికి ఆకుపచ్చ. చిన్నదాన్ని ఆయన గుండీ అని పిలుస్తాడు. గుండ్రంగా ఉంటుంది, పెట్టినచోట దొరకదు.

మూడూ అయ్యాక గుడ్డ ఇంకా మిగిలింది. మిగిలిన గుడ్డని చూస్తే టైలర్‌కి చెయ్యి ఊరుకోదు. గుండీ పాలు ఒలకబోసుకుంటే మార్చడానికి ఉంటుందని, గుడ్డ ఎంత వస్తే అంత, ఎవరి కొలతా లేకుండా నాలుగోది కత్తిరించేశాడు. గుండీ చొక్కాకంటే వేలెడు పొట్టిగా వచ్చింది.

చిన్నప్పుడు పని నేర్పిన మేస్త్రీ ఒక్క విషయంలో మాత్రం స్కేలుతో కొట్టేవాడు. కొలత తీసుకోకుండా కుట్టిన బట్టకి చివరి గుండీ పెట్టకూడదు. పూర్తి చేస్తే అది ఎవరిదో ఒకరిది అయిపోవాలని చూస్తుందట. మేస్త్రీకి ఇలాంటివి బోలెడు, మంగళవారం సూది అరువివ్వడు కూడా. అయినా యాభై ఏళ్లూ తాత ఆ చివరి గుండీ ఆపుతూనే వచ్చాడు. ఆ రోజు మాత్రం సంబరంలో ఐదు గుండీలూ కుట్టి, దారం పంటితో తెంపి, మడతపెట్టి అలమారు పై అరలో పెట్టాక గుర్తొచ్చింది. విప్పుదామనుకున్నాడు. కళ్లజోడు ఎక్కడ పెట్టాడో కనిపించలేదు. చివరికి అది నెత్తిమీద దొరికింది గానీ, అప్పటికి విప్పే సంగతి మర్చిపోయాడు.

వాళ్లొచ్చారు. ఇల్లు ఒక్కసారిగా చెప్పులతో, తడి తువ్వాళ్లతో, పోట్లాటలతో నిండిపోయింది. పిల్లలు వేలాడే బట్టల మధ్య దాగుడుమూతలు మొదలుపెట్టారు. పెద్దాడు ఇస్త్రీ వాసన సంగతే ఎత్తలేదు. నాలుగో రోజు పొద్దున కూతురు టీ తాగుతూ, పిల్లలు ఇంత హాయిగా ఎక్కడా ఉండలేదనీ, వచ్చే ఏడు కూడా ఇక్కడికేననీ అంది. తాత తల వంచుకుని సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నటించాడు. కళ్లలో నీళ్లతో సూది బెజ్జం ఎలాగూ కనిపించదు.

ఆ సాయంత్రమే...

మిషన్ దగ్గర కూర్చుని ఉన్నాడు. చలికాలం, బయట తొందరగా చీకటి పడింది. పిల్లలు చొక్కాలు తొడుక్కుని లోపల్నించి కొట్లోకి పరుగెత్తారు. నీలం చొక్కా ఒకటి దాటింది. రెండు. మూడు. ఆయన కాలు మిషన్ మీద కదిలింది.

నాలుగు.

కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత లేచి అలమారు తెరిచాడు. పై అర ఖాళీగా ఉంది. స్టూలు ఎక్కితే గానీ తనకే అందని అర అది.

చొక్కా ఎవరు తీశారంటే పెద్దాడూ నడిపిదీ మాకు తెలీదన్నారు. గుండీ మాత్రం తాత చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా చెప్పింది.

"దానికిచ్చా తాతయ్యా."

"దానికంటే?"

"బట్టల వెనకాల ఉంటుందే... అది. చలేస్తోందంది."

తాత కూతురి వైపు చూశాడు. ఆమె లోపల పక్కలు వేస్తూ, ఏళ్ల తర్వాత, ఏదో పాట కూనిరాగం తీస్తోంది. చెబితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. గంటలో పెట్టెలు కారెక్కుతాయి. ఇంకో ఏడు ఉండదు. ఆయన వంగి, గుండీ చెవిలో అన్నాడు:

"అమ్మకి చెప్పకు తల్లీ. మన ఇద్దరి రహస్యం."

గుండీ బుద్ధిగా తలూపింది. వేలాడే కోట్ల వెనకాల ఎక్కడో... ఇంకెవరో కూడా ఊఁ కొట్టినట్టయింది.

ఆ తర్వాత మూడు రోజులూ తాత పిల్లల్ని లెక్కపెడుతూనే ఉన్నాడు. ఎప్పుడు లెక్కపెట్టినా ముగ్గురే. కానీ నడిపిదాని పక్కన దుప్పటి మీద మరో మనిషి పడుకున్నంత పల్లం ఉండేది. కొట్లో కొత్త గుడ్డ తడిపినప్పుడు వచ్చే వాసన, పచ్చిగా, గంజిగా, ఉండుండి వచ్చేది. ఆయన ఇస్త్రీపెట్టె వేడి చేసి ఊరికే తడిగుడ్డ మీద రుద్దేవాడు, ఆ వాసనతో ఈ వాసన తెలియకుండా. పోయినేడు మనవడు దేనికి ముక్కు మూసుకున్నాడో ఈ ఏడు దాని వెనకాల దాక్కోవాల్సి వచ్చింది.

ఏడో రోజు సాయంత్రం ఆరున్నరకి కరెంటు పోయింది. మర్నాడు ప్రయాణం. ఆఖరాట తాతే దొంగ అన్నారు పిల్లలు. ఆయన తెరకి మొహం ఆనించి, కళ్లు మూసుకుని ఇరవై దాకా లెక్క మొదలుపెట్టాడు. పాదాల చప్పుడు చెదిరింది, కడ్డీల మీద హ్యాంగర్లు గలగలలాడాయి, ఆగాయి.

"ఒకటి... రెండు... మూడు..."

వీధిలో ఏదో బండి వెళ్లిపోయింది. తర్వాత నిశ్శబ్దం. తన ఊపిరి తనకే వినిపిస్తోంది.

"ఏడు... ఎనిమిది..."

ఎనిమిది, అంది ఇంకో గొంతు.

తెర అవతల నుంచి. ఆయన మొహానికి ఎదురుగా. గుడ్డకి అటువైపు ఇంకో మొహం ఆనించి ఉన్నట్టు.

ఆయన ఆగాడు. అది ఆగలేదు. నింపాదిగా, కొత్తగా లెక్క నేర్చుకున్నవాళ్లలా... తొమ్మిది... పది... పదకొండు... ఇరవై దాకా చెప్పింది. అప్పుడు తెర కింద నుంచి ఒక చిన్న చెయ్యి వచ్చి ఆయన చిటికెన వేలు పట్టుకుంది. చలికాలం పొద్దున్నే కత్తెర పట్టుకుంటే ఉంటుందే, ఆ చల్లదనం.

"నేనూ వెళ్తా," అంది గుసగుసగా. "కారులో."

కరెంటు వచ్చింది. తెర కదలడం లేదు. దాక్కున్న పిల్లలు ముగ్గురూ మూడు వైపుల నుంచి, తాతయ్య వెతకనే లేదని అల్లరి చేస్తూ బయటికొచ్చారు.

అప్పుడైనా చెప్పాల్సింది. అన్నాల దగ్గర రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ, ఇంకో ముద్ద పెట్టమన్నాడు. రేపు పొద్దున్నే వెళ్లిపోతారు కదా అనుకున్నాడు. అదేదైనా ఈ ఇంట్లోదే, ఇక్కడే ఉండిపోతుంది. ఉండనీ. ఆ ఆలోచన వెనకాలే సిగ్గుపడాల్సిన మరో ఆలోచన వచ్చింది. పోనీ, ఒక్కరైనా మిగులుతారు.

పడుకోబోయే ముందు గుండీ ఆయన ఒళ్లోకి ఎక్కి, నేను నీ దగ్గరే ఉండిపోనా తాతయ్యా అని అడిగింది. ఆయన దాని మెడపట్టీ సర్దుతూ, ఆకుపచ్చ దారం తడిమి, ఉండిపోరా బంగారం అన్నాడు. పిల్లలతో అందరు తాతలూ అనే మాటే అది.

ఐదింటికి, ఇంకా తెల్లారకముందే బయల్దేరారు. పిల్లల్ని రాత్రి చొక్కాలతోనే, దుప్పట్లు చుట్టి కారెక్కించారు. పెద్దాణ్ణి అల్లుడు, నడిపిదాన్ని కూతురు ఎత్తుకున్నారు. మూడోది ముక్కు దాకా దుప్పటి కప్పుకుని తనే నడుచుకుంటూ వచ్చింది. తాత గుమ్మంలో నిలబడి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. సరిపోయింది. ఆయన గుండెలో బరువు దిగింది. దుప్పటి మీంచే ఆ తల నిమిరాడు. అది పైకి చూడలేదు.

కారు మలుపు తిరిగింది. లోపలికొచ్చి తలుపు వేశాడు. ఆ చప్పుడు ఆయన వేసిందే.

దుప్పట్లు మడతపెట్టాడు. టీ పెట్టుకున్నాడు, వారం రోజుల అలవాటు కొద్దీ ముగ్గురికి సరిపడా. గ్లాసు పట్టుకుని కొట్లోకొచ్చాడు. ఆ చొక్కా తిరిగి అరలోకి వచ్చిందేమోనని స్టూలెక్కి చూశాడు.

లేదు.

కడ్డీల వెనక చూశాడు. మంచాల కింద చూశాడు. ఎక్కడా లేదు. గ్లాసులో టీ చల్లారింది. అప్పుడు కూతురికి ఫోన్ చేశాడు. అరగంట దూరం వెళ్లారట, పెట్రోలు బంకు దగ్గర ఆగారట, ముగ్గురూ వెనక సీట్లో గాఢనిద్రలో ఉన్నారట.

"చిన్నదాని మెడపట్టీ లోపల... ఏ రంగు దారం ఉందో ఒక్కసారి చూడమ్మా."

ఇప్పుడా నాన్నా అని విసుక్కుంది గానీ, కారు తలుపు తీసిన చప్పుడైంది. దుప్పటి జరిపిన అలికిడి.

"ఏ రంగూ లేదు నాన్నా. దీనికి కుట్టడం మర్చిపోయినట్టున్నావు. అమ్మో, దీని మెడ ఇంత చల్లగా ఉందేంటి... ఆగు, ఇంకో దుప్పటి కప్పుతా."

తాత గ్లాసు కింద పెట్టాడు.

"వెనక్కి వచ్చేయండి తల్లీ. నీ కాళ్లు పట్టుకుంటా. ఇప్పుడే తిప్పండి కారు."

అవతల ఆమె గొంతులో కోపం లేదు, జాలి ఉంది. కోపమే నయం.

"ఈసారి కడుపునొప్పి కాదన్నమాట. నాన్నా... వచ్చే ఏడు వస్తాంగా. మాటిచ్చాను కదా." ఫోన్ పెట్టేసింది.

కొట్లో నిశ్శబ్దం. బయట ఇంకా వెలుగు రాలేదు.

తెర వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆయన కదల్లేదు. తెర అంచు కాస్త పైకి లేచింది. చిన్న చెయ్యి బయటికొచ్చి ఆయన చిటికెన వేలు పట్టుకుంది.

వెచ్చగా ఉంది. నిద్రలేచిన పిల్లల చెయ్యిలా... మెత్తగా, కాస్త చెమటతో, వెచ్చగా.

"వెళ్లిపోయారా తాతయ్యా?" అంది గుండీ. దాని మెడ దగ్గర ఆకుపచ్చ దారం కనిపిస్తోంది. "అమ్మకి తెలీలేదు కదా. అది నా బదులు వెళ్తానంది. వచ్చే ఏడు మళ్లీ మార్చుకుంటాం."

ఆయన దాన్ని ఎత్తుకున్నాడు. గుండెకి గట్టిగా అదుముకున్నాడు. మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి దీని గొంతు వినిపిస్తాడు. ఇక నమ్మక చస్తుందా.

ఒక రింగు. రెండు. మూడు. ఎత్తారు.

కారు శబ్దం లేదు. కూతురి గొంతు లేదు, అల్లుడి గొంతు లేదు. ఎవరో ఫోను నోటికి బాగా దగ్గరగా పెట్టుకుని, నింపాదిగా, కొత్తగా లెక్క నేర్చుకున్నవాళ్లలా...

"పదహారు... పదిహేడు... పద్దెనిమిది..."

పంతొమ్మిది దగ్గర ఆగింది. తాత చెవికి ఫోన్ ఆనించుకుని అలాగే నిలబడ్డాడు. తెల్లారింది, వీధిలో జనం తిరుగుతున్నారు.

ఇరవై ఇంకా అనలేదు.