ఎదురుగాలిలో నెమలి

ఆ ఉదయం ఆకాశంలో మబ్బులు ఎవరో తరుముతున్నట్టు తూర్పుకి పరుగులు పెడుతున్నాయి. విమానం వెళ్లాల్సింది పడమరకి. ఏజెంట్ నత్త విమానాల షెడ్డు గుమ్మంలో నిలబడి మబ్బులనే చూస్తున్నాడు. మాట తక్కువ, నడక నిదానం. అందుకే డిపార్ట్‌మెంట్‌లో అతనికి ఆ పేరు పడింది.

"పైనేముందోయ్? ఇటు చూడు," అన్నాడు చీఫ్. మ్యాప్ మీద రెండు చిన్న ఎయిర్‌పోర్టులు, మధ్య ఎర్రగీత. "నూటయాభై కిలోమీటర్లు. టైమ్‌టేబుల్ ప్రకారం గంట. అవతలి ఎయిర్‌పోర్ట్ రాడార్‌ని విదేశీ ముఠా ఇవాళ పేల్చబోతోంది. బాంబు ముందే అక్కడికి చేరిందని ముఠాలో ఉన్న మన మనిషి, నెమలి, కబురు పంపింది. పేల్చేవాడు ఈ విమానంలోనే ఉన్నాడని మనకి విడిగా తెలిసింది. పట్టుకో."

కెమెరా ఉన్న పెన్ను, పెట్టుడు మీసం ఇచ్చాడు. విమానం మెట్ల దగ్గర నత్త పక్కనుంచి వెళ్తూ పైలట్ గొణిగాడు. "మీసం వంకరగా ఉందిరా." ఆ పైలట్ నత్తకి సొంత బావ.

పైకి లేచాక ఎదురుగాలికి విమానం వణికింది. అందరూ కునుకు తీస్తుంటే ఒక్కతి మాత్రం కాలు కాలిన పిల్లిలా ఉంది. ఊదారంగు కోటు, నల్లకళ్లద్దాలు, ఒళ్లో మేకప్ పెట్టె. వాచీ చూస్తుంది, కిటికీ చూస్తుంది. కింద తెల్లటి వంతెన ఎంతకీ వెనక్కి పోవడం లేదు.

నత్త వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఇంకెంతసేపు?" అంది.

"ఏటికి ఎదురీదుతున్నాం. గంటలో చేరం."

"చేరాలి! టైమ్‌టేబుల్‌లో..." అని నాలుక కరుచుకుంది. పెదవుల మీద తప్ప మొహంలో రంగు లేదు.

పెట్టెలోంచి టిక్ టిక్. సోదా తప్పించుకోడానికి బాంబు ముందే చేరిందని అబద్ధపు కబురు పంపిందెవరో నత్తకి అప్పుడు వెలిగింది.

"ఎంత టైముంది, నెమలీ?"

ఆమె పెట్టెని నత్త వైపు జరిపింది. "ఇరవై నిమిషాలు. దిగగానే రాడార్ గదిలో పెట్టి వెళ్లిపొమ్మన్నారు. ఆపడం నాకు రాదు."

నత్త కాక్‌పిట్‌లో దూరాడు. "బావా, బాంబు. ఇరవై నిమిషాలు. వెనక్కి తిప్పు."

"కింద ఊళ్లు, విసిరెయ్యలేం. అయినా సగం దాటేశాం కదరా! ముందుకే దగ్గర."

"దగ్గరే, కానీ టైమ్ చాలదు. పొద్దున్న మబ్బులు చూశావా? మనల్ని తోసేస్తున్న ఆ గాలే, మనం వెనక్కి తిరిగితే మోసుకుపోతుంది."

బావ ఒక్క క్షణం బామ్మర్ది మొహంలోకి చూశాడు. మరుక్షణం రెక్క ఒరిగింది.

వెళ్లేటప్పుడు కదలనని మొండికేసిన వంతెన వచ్చేటప్పుడు రెప్పపాటులో మాయమైంది. చక్రాలు నేలని తాకాయి. తలుపు తెరుచుకోగానే నత్త పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పరుగెత్తాడు. రన్‌వే అవతలి గుంటలోకి పెట్టె విసిరి బోర్లా పడ్డాడు.

ఢాం!

బురద అంతెత్తున లేచింది. మీసం ఎటు పోయిందో తెలియలేదు.

చీఫ్ రొప్పుతూ వచ్చాడు. "అదేంటోయ్, వెళ్లనే లేదా?"

"వెళ్లాం. దగ్గరని వెనక్కొచ్చాం."

జైలు వ్యాన్ వచ్చేలోగా పక్కనే ఉన్న బావ క్వార్టర్స్‌లో అక్క అందరికీ అన్నం పెట్టింది. నత్త ఎడమచేతికీ నెమలి ఎడమచేతికీ ఒకటే సంకెల.

"ఇంత త్వరగా వచ్చేశారేం? వెళ్లిరావడానికి ఎంతసేపు పట్టింది?" అంది అక్క.

గోడగడియారం టిక్కుమన్నప్పుడల్లా ముగ్గురి ముద్దలూ నోటి దాకా వచ్చి ఆగుతున్నాయి. అక్క కాసేపు చూసింది. లేచి, గడియారం దించి, దిండు కింద పెట్టి వచ్చి, తనూ కంచం ముందు కూర్చుంది.