ఖాదర్ వలి గోడలు

ఆ పొద్దున రఫీక్ మీటలన్నీ పైకెత్తగానే ఇంటి గోడలు ఒకేసారి గొంతు సవరించుకున్నాయి. ముందు గర్రుమని చప్పుడు, ఆ వెనకే రేడియో వార్తలు. వంటింట్లో పాలు కాస్తున్న అతని భార్య షబ్నం గరిటె చేత్తో పట్టుకునే ముందు గదిలోకి వచ్చింది.

"పలికిందే," అంది నమ్మలేనట్టు. "బియ్యం డబ్బా వెనక మనిషి దాక్కొని మాట్లాడతన్నట్టుంది."

"పాలు పొంగుతయ్యి. పో."

వెనక గదిలోంచి బషీరున్నీసా చేతికర్ర ఊతంగా వచ్చింది. ఒక్కో గదిలో ఆగి, గోడలో బిగించిన టేకు జాలీ మీద అరచెయ్యి పెట్టి చూసుకుంటూ వచ్చింది. స్పీకరు అదిరినప్పుడల్లా ఆ చెక్క సన్నగా వణుకుతోంది. ముందు గదికి చేరేసరికి ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. మాటలో మాత్రం ఆ తడి లేదు.

"వసారాలో గొంతు తక్కువొస్తంది రా రఫీ. మీ నాన్నప్పుడు అట్టా ఉండేది కాదు."

"ఇన్నేళ్ళు ఈ పెట్టె మూగదై పడుంటే ఒక్కమాట అనలేదు నువ్వు. పలికేసరికి వంక పెడతన్నావా?"

"పలికింది గాబట్టే వంక," అని ఆమె కుర్చీలో కూలబడి కొడుకు తల మీద సున్నం దులిపింది.

రఫీక్ తండ్రి ఖాదర్ వలికి నరసరావుపేటలో మైక్ సెట్ల షాపు ఉండేది. పెళ్ళిళ్ళకీ ఉరుసులకీ మైకులు, సీరియల్ లైట్లు ఆయనవే. కోటప్పకొండ తిరునాళ్ళకి పోయే ఎత్తైన ప్రభల బండ్ల మీద కూడా ఆయన హారన్లే మోగేవి. ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు గోడలు లేస్తుండగానే లోపల గొట్టాలు పెట్టించి, గదికో స్పీకరు బిగించాడు. తీగలన్నీ ముందు గదిలో ఒక ఇనప పెట్టెకి చేరతాయి. పెట్టె మీద ఒక మైకు, గదికో మీట. మీట పైకెత్తితే రేడియో గానీ, ఆయన మాట గానీ ఆ గదిలోకి పోతుంది. కిందికి నొక్కితే ఆ గదిలో మాట ఆయనకి వినిపిస్తుంది. మధ్యలో ఉంచితే రెండూ ఉండవు.

ఆయన బతికుండగానే ఎలుకలు తీగలు కొరికి సగం గదులు మూగబోయాయి. పోయాక మిగతావీ ఆగిపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు. పోయిన వానాకాలం బషీరున్నీసా స్నానాల గదిలో జారిపడేదాకా ఆ పెట్టె మీద రేడియో కవరు, దాని మీద పాత పేపర్లు.

ఆ రోజు ఆమె పిలిచింది. చాలాసార్లు పిలిచింది. బయట రేకుల మీద వాన. రఫీక్ ముందు గదిలో టీవీ చూస్తున్నాడు. షబ్నం మేడ మీద తడుస్తున్న బట్టలు తీస్తోంది. కాసేపటికి షబ్నం కిందికి వచ్చి చూస్తే, ముసలామె గోడకి ఆనుకొని కూర్చొని ఉంది. ఏడవడం లేదు. "పిలిచి పిలిచి ఊరుకున్నా," అంది, అంతే. ఆ మాట రఫీక్ లోపల ఎక్కడో ఇరుక్కుపోయింది. ఫోను కొనిచ్చాడు. ఆమె దాన్ని దిండు గలీబులో పెట్టి, పోతుందేమోనని పైన కుట్టేసింది.

అప్పుడు పెట్టె గుర్తొచ్చింది. అతనిది బోరు మోటార్లకి రాగితీగ చుట్టే షాపు. తీగల పని కొత్తేమీ కాదు. షాపు కట్టేసిన సాయంత్రాలు గొట్టాల్లోంచి పాత తీగలు లాగి కొత్తవి దూర్చాడు. అన్నీ అర్థమయ్యాయి, ఒక్కటి తప్ప. ప్రతి గదిలో జాలీ మూల ఒక చిన్న బల్బు హోల్డరు, దానికో సన్నని తీగల జత ఉన్నాయి. అన్నీ తుప్పుపట్టాయి. తండ్రి సంగతి అతనికి తెలుసు. సీరియల్ లైట్ల మనిషి, ఖాళీ కనిపిస్తే లైటు పెట్టేవాడు. మంచినీళ్ళ కూజా స్టాండుకి కూడా ఒకప్పుడు లైట్లు మెరిసేవి. ఇదీ ఆ సోకే అనుకున్నాడు. హోల్డర్లు పీకి, తీగలు లోపలికి నెట్టి, కంతలకి పుట్టీ మెత్తాడు.

పెట్టె పలికిన రోజు నుంచీ పొద్దున వార్తలు అయిపోగానే మీటలన్నీ మధ్యకి తెచ్చేవాడు. తల్లి గది మీట ఒక్కటి కిందికి నొక్కేవాడు.

మొదట్లో అది వట్టి జాగ్రత్తే. కర్ర నేలకి తగిలిన చప్పుడు. గాజులు. మంచం కిర్రుమనడం. ఊపిరి. ఆ చప్పుళ్ళు వినిపిస్తుంటే అతనికి లోపల ముడి ఏదో వదులైనట్టుండేది. షాపుకి పోతూ షబ్నంతో, "చెవి అటేసి ఉంచు," అనేవాడు.

తరువాత మాటలు వినిపించాయి.

"ఏమయ్యా, విన్నావా, నీ కొడుకు నీ పెట్టె బాగుచేశాడు. నీ అంత పనోడు కాదులే. అయినా పర్లేదు."

రఫీక్ చెప్పులు వేసుకోబోతూ ఆగిపోయాడు. అది అతనికి తెలిసిన గొంతు కాదు. తల్లి గొంతు తెలుసు, కోడలితో మాట్లాడే గొంతు తెలుసు, ఇరుగుపొరుగుతో మాట్లాడే గొంతు తెలుసు. ఇందులో కొంచెం గారం ఉంది, కొంచెం ఎగతాళి ఉంది. అవతలి మనిషి నవ్వడానికి కాస్త ఎడం కూడా ఇస్తోంది. తను పుట్టకముందు నుంచీ ఉన్న గొంతు. మూసిన తలుపు బయట నిలబడ్డ పసివాడిలా అనిపించింది అతనికి. పసివాడైతే అక్కణ్ణుంచి వెళ్ళిపోయేవాడు. రఫీక్ కూర్చున్నాడు.

వినడంలో ఒక రుచి ఉంది. దానికి జాగ్రత్త అని పేరు పెట్టుకుంటే ఇంకా బాగుంటుంది. అతను షాపుకి ఆలస్యంగా పోవడం మొదలుపెట్టాడు.

"ఇది తప్పు గదా," అంది షబ్నం ఒకరోజు.

"పడిపోతే?"

"పడ్డప్పుడు వినడం వేరు. నువ్వు కుర్చీ లాక్కొని మరీ వింటన్నావు."

అలా అన్న మనిషే మర్నాడు టీ గ్లాసులు తీస్తూ పెట్టె ముందు నిలబడిపోయింది. లోపల ముసలామె మొగుడికి భోజనం సంగతి చెబుతోంది. "పిల్ల మంచిదేనయ్యా. చానా ఓపిక. వంటే రాదు. ఆ పిల్ల పప్పులో ఏస్తే గోంగూర గూడా ఏడుస్తది." షబ్నం గ్లాసులు టంగుమని బల్ల మీద పెట్టింది. మీట పైకెత్తి జవాబు చెప్పాలన్నంత కోపం వచ్చింది.

శుక్రవారం నమాజు చదువుకొని రఫీక్ ఇంటికి వచ్చాడు. ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. షబ్నం పప్పు వడ్డిస్తూ, ఎవరి వైపూ చూడకుండా అంది.

"చూసి తిను అత్తమ్మా. ఇయ్యాల గోంగూర ఏడుస్తందో నవ్వుతందో."

బషీరున్నీసా చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది. ఆమె కోడలి మొహం చూసింది, కొడుకు మొహం చూసింది. కొడుకు నీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

"ఆ మాట నీకెవరు చెప్పారు?"

షబ్నం గిన్నెలో పప్పు కలుపుతూ ఉండిపోయింది.

"అది నేను మీ నాన్నకి చెప్పా," అంది బషీరున్నీసా మెల్లగా. "వింటన్నారా మీరు?"

తప్పు చేసినవాడు ఒక్కోసారి ఎదుటివాళ్ళ తప్పు చేతికి దొరికితే దాన్నే ఎత్తి చూపిస్తాడు. రఫీక్ గ్లాసు దించాడు. "వినబట్టే తెలిసింది. మొన్న మళ్ళీ జారావంట గదా. మంచం కోడు పట్టుకొని లేచావంట. నాన్నకి చెప్పావు, మాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నా పక్కన మనిషిని కూర్చోబెడతారని."

"కూర్చోబెడితే ఏంది?"

"ఏందా? పొద్దస్తమానం ఒకళ్ళు నా మొహం చూస్తా కూర్చుంటే నేను మీ నాన్నతో ఎప్పుడు మాట్లాడుకోను రా?"

షబ్నం గరిటె గిన్నెలో పెట్టేసింది. "అత్తమ్మా, తప్పు నాది. నోరు ఊరుకోలేదు."

"నీ నోరు మంచిదే. నువ్వు అనకపోతే నాకు తెలిసేదే కాదు." ఆమె కొడుకు వైపు తిరిగింది. "బల్బు తీసేశావు గదా రా. బల్బు లేదు గాబట్టి వినే పని గూడా తీసేశావనుకున్నా. రేడియో ఒక్కటే పెట్టావనుకున్నా."

"ఏం బల్బు?"

"జాలీ మూల ఎర్ర బల్బు. మీ నాన్న ఇక్కడ మీట నొక్కితే అక్కడ వెలిగేది. వెలిగితే ఆయన వింటన్నట్టు. దానికంటే ముందు మైకు మీద రెండుసార్లు వేలితో తట్టేవాడు. నేను వంటింట్లో ఉంటే, తడతాడు, బల్బు ఎలుగుద్ది, అప్పుడు మాట్లాడతా. ఇష్టం లేకపోతే 'ఇప్పుడొద్దు' అంటా. మీట తీసేసేవాడు. ఆ పెట్టె ముందు ఎన్నేళ్ళు కూర్చున్నాడు మీ నాన్న. తట్టకుండా ఒక్కనాడు నన్ను వినలేదు."

ఆమె చెయ్యి కడుక్కుంది. కంచంలో ముద్ద అలాగే ఉండిపోయింది.

మరునాటి పొద్దునకి ఆమె గది జాలీ మీద పాత ఓణీ ఒకటి వేలాడుతోంది. రేడియో వద్దంది. గదిలో మాటలు ఆగిపోయాయి. రఫీక్ మీట ముట్టుకోలేదు గానీ, తలుపు దగ్గరగా పోయినప్పుడల్లా ఆ నిశ్శబ్దం తెలుస్తూనే ఉంది. కర్ర చప్పుడు ఉంది, గాజుల చప్పుడు ఉంది. మాట లేదు. తండ్రి చనిపోయిన రోజు తను ఏడ్చాడు. ఇన్నాళ్ళూ ఆ వెనక గదిలో తండ్రి ఎంతోకొంత మిగిలే ఉన్నాడని, ఆ కాస్తనీ ఇప్పుడు తనే బయటికి పంపేశాడని అనిపించింది. ఇప్పుడు ఏడవడానికి హక్కు కూడా ఉన్నట్టు లేదు.

ఆదివారం పొద్దున స్క్రూడ్రైవరు, సన్న ఉలి పట్టుకొని వెళ్ళి తల్లి గది తలుపు మీద తట్టాడు. తెరిచే ఉన్న తలుపే అది.

"ఏంది?"

"రానా?"

ఆమె అతని చేతిలో ఉలి చూసింది. "రా."

జాలీ మూల మెత్తిన పుట్టీ తవ్వాడు. లోపలికి నెట్టిన సన్నని తీగల జత బయటికి వచ్చింది. తుప్పు గీకి, కొత్త హోల్డరు బిగించాడు. పెట్టెలో వాటి రెండో కొసలు వెతికాడు. అవి తల్లి గది మీట కిందే ఉన్నాయి, మీట కిందికి పడినప్పుడే తగిలేలా ఒక ఇత్తడి రేకుకి అతికించి. ఇన్ని రోజులూ అవి అతని కళ్ళ ముందే ఉన్నాయి. తండ్రి ఆడంబరానికి లైట్లు పెట్టాడనుకున్నాడు. ఈ ఒక్క లైటు మాత్రం తన అధికారం మీద తనే పెట్టుకున్న కాపలా.

టార్చిలైటు బల్బు తెచ్చి పెట్టాడు. మీట నొక్కితే తెల్లగా వెలిగింది.

"ఎర్రగా ఉండాలన్నావు గదా. ఎర్ర బల్బు ఏ షాపులోనూ దొరకలేదు."

తలుపు దగ్గర నిలబడ్డ షబ్నం వెళ్ళి తన గోళ్ళరంగు సీసా తెచ్చింది. బల్బు విప్పి, చల్లారాక, పసిపిల్ల వేలికి వేసినంత జాగ్రత్తగా రంగు పూసింది. బషీరున్నీసా చూస్తూ చూస్తూ నోటికి పైట అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని రఫీక్ భయపడ్డాడు. నవ్వుతోంది.

"మీ నాన్న గూడా నా సీసాలోదే పూశాడు. పండగకి గోళ్ళకి రంగు లేకుండా చేశాడు ఆ మనిషి."

"నా పండగ గూడా పోయినట్టే," అంది షబ్నం సీసా ఊపి చూసుకుంటూ. తరువాత మంచం పక్కన గోడకి చతికిలబడి కూర్చుంది. కూర్చునే చెయ్యి చాపింది. నేలకి జానెడు ఎత్తున గోడ మీద వేలు ఆనించింది. "ఇక్కడ బెల్లు స్విచ్చి పెట్టు. స్నానాల గదిలో గూడా ఇంతే ఎత్తులో. నిలబడ్డ మనిషికి స్విచ్చి ఎందుకు? పడ్డ మనిషికి అందాలి గానీ."

ఆ ఎత్తు రఫీక్‌కి తట్టలేదు. ఆ వాన రోజు అత్తని లేవనెత్తిన చేతికి తట్టింది.

"పడితే నేనే కొడతా," అంది బషీరున్నీసా. "కొట్టకపోతే పడలేదని అర్థం. ఒట్టు."

"జారినా కొట్టాలి."

"సరేలే, జారినా కొడతా." కోడలి తల మీద చెయ్యి వేసింది. "నువ్వు గోంగూర కడిగేటప్పుడు ఒకసారి నన్ను పిలువు. ఉప్పు సంగతి చెప్తా."

"గట్టిగానే చెప్పు. గోడకి చెప్పబాక."

సోమవారం పొద్దున వార్తలు అయిపోయాయి. రఫీక్ మీటలన్నీ మధ్యకి తెచ్చాడు. షాపుకి బయలుదేరబోతూ పెట్టె ముందుకి తిరిగి వచ్చాడు. తల్లి గది మీట పైకెత్తి, మైకు మీద వేలితో రెండుసార్లు తట్టాడు. మీట కిందికి నొక్కాడు. అవతల గోడ మూల ఎర్రగా వెలిగి ఉంటుంది.

"అమ్మా, బాగున్నావా?" అని మీట పైకెత్తి ఉన్నప్పుడే అడగాల్సింది, మర్చిపోయాడు. పెట్టెలో కాసేపు ఊపిరి చప్పుడే వినిపించింది.

"బాగున్నా రా," అంది ఆమె అడక్కుండానే. "ఇప్పుడొద్దు. మీ నాన్నతో మాట్లాడతన్నా."

రఫీక్ మీట మధ్యకి తెచ్చాడు. పెట్టె మూగబోయింది. అయినా లేవలేదు, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకొని అలాగే కూర్చున్నాడు.

షబ్నం టీ తెచ్చి పక్కన పెట్టింది. "ఏమంటంది?"

"తెలీదు," అన్నాడు రఫీక్. ఆ మాట అన్నాక అతని భుజాలు కిందికి దిగాయి.

అంతలో వెనక గదిలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు పెట్టెలోంచి రాలేదు. తెరిచి ఉన్న తలుపులోంచి, వసారా మీదుగా, మామూలుగా వచ్చింది.