రెండు వందల పన్నెండో కదలిక

అన్యాయం జరిగింది ఎవరికి? ఏ విధంగా? ఏ కేసునైనా డిటెక్టివ్ త్రిపురసుందరి గారు ఈ రెండు ప్రశ్నలతోనే మొదలుపెట్టేవారు. ఫిల్మ్ నగర్‌లోని ఆమె ఆఫీసులో, కుర్చీ అంచున కూర్చున్న కౌసల్య కొంగు మెలిపెడుతూ జవాబు చెప్పింది.

“మా ఆయనకండీ. బసవపున్నయ్య అని, సినిమాల్లో ఫైటరు. కిందటేడు తాగి మా ఇంటి మెట్ల మీంచి పడ్డాడని రాసేశారు. నడుం కింద స్పర్శ లేదు. తాగి పడినవాడికి యూనియన్ వైద్యం చేయించదటండీ. కార్డు కూడా తీసేసుకున్నారు.”

“ఆయనేమంటారు?”

“తలకి దెబ్బ తగిలి ఆ రోజు సంగతేదీ గుర్తులేదండీ. అందరూ అంటున్నారుగా, తాగే ఉంటాన్లే అంటాడు. ఇరవై రెండేళ్ల కాపురం. ఏనాడూ ఆ వాసన ఎరగను.”

“పడినప్పుడు ఎవరు చూశారు?”

“ఎవరూ చూళ్లేదు. షేక్‌పేటలో మా మెట్ల కింద పడున్నాడని వీరరాఘవయ్య అన్నయ్యే ఆసుపత్రికి మోసుకెళ్లాడు. పాపం, వేడి గిన్నె పట్టుకుని తన రెండు అరచేతులూ బొబ్బలెక్కినా సరే మోశాడు. రోప్ మాస్టరండీ, ఫైటర్లని తాళ్ల మీద ఎగరేస్తాడు.”

తర్వాత కౌసల్య తన ఫోనులో ఒక ఆట తెరిచింది. ఎక్కడెక్కడివాళ్లో కలిసి ఆడే కత్తియుద్ధాల ఆట. గోడ మీది సైనికుడొకడు వెల్లకిలా పడ్డాడు. “మెట్రోలో పక్కనమ్మాయి ఆడుతుంటే చూశాను. ముఖం వేరు, బట్టలు వేరు. పడేది మాత్రం మా ఆయనేనండీ.”

ఇంజనీరు ఉద్యోగం మానేసి మేడమ్ దగ్గర సహాయకురాలిగా చేరిన ప్రణవికి అది దుఃఖం వల్ల కలిగిన భ్రమ అనిపించింది. త్రిపురసుందరి మాత్రం ఆ దృశ్యాన్ని ఆరుసార్లు చూశారు.

“ఫైటరు పడేటప్పుడు గడ్డం లోపలికి లాక్కుంటాడు, అరచేత్తో నేలను కొడతాడు. ఇతను రెండూ చెయ్యలేదు. చెయ్యి నడుం వెనక దేనికోసమో తడుముకుంటోంది. అక్కడేమీ లేదే?”

ఆ ఆట జూబ్లీహిల్స్‌లోని రవిచంద్ర కంపెనీది. బసవపున్నయ్య లాంటి ఫైటర్ల కదలికలను కెమెరాలతో పట్టి బొమ్మలకు అతికిస్తారు. యూనియన్‌కు కంపెనీ ఇచ్చిన రిపోర్టు ప్రకారం, ప్రమాదం జరిగిన నెల పదో తేదీ చివరి కదలిక కత్తి తిప్పడం. పదకొండున షూటింగ్ ఫ్లోరు మూసి ఉంది. పన్నెండున మొదటిది గుర్రమెక్కడం. గోడ మీంచి పడటం ఇరవయ్యో తేదీన మరో ఫైటరు చేశాడట. బసవపున్నయ్య పడింది పదకొండున.

“ఆ రిపోర్టు అబద్ధమని ఆట చేతే చెప్పించాలి,” అన్నారు త్రిపురసుందరి.

తన ఫోనుకూ కంపెనీ సర్వరుకూ మధ్య నడిచే సందేశాలను ప్రణవి లాప్‌టాప్‌లో పట్టింది. వేగం కోసం కంపెనీ వాటికి తాళం వేయలేదు. అయినా అవి వట్టి అంకెల బారులు. ఒక ఫోనులో బొమ్మ కదలకుండా నిలబడితే, రెండో ఫోనులో బొమ్మ ఒక్క అడుగు వేస్తుంది. ఏ అంకె మారిందో రాసుకోవాలి. నాలుగు రోజులకు ఎవరు, ఎక్కడ అన్న అంకెలు తేలాయి. పడటం మాత్రం ఎక్కడా కనిపించలేదు.

“ఇంత పొట్టి సందేశంలో ఒక మనిషి పడటమంతా ఇమడదు మేడమ్. నా వల్ల కావడం లేదు,” అంది ప్రణవి.

త్రిపురసుందరి పూర్వం టెలిగ్రాఫ్ ఆఫీసులో ముప్ఫై ఏళ్లు పనిచేశారు. “పెళ్లి శుభాకాంక్షలు పంపమంటే మేం వాక్యమంతా పంపేవాళ్లం కాదమ్మాయ్. ఒక నంబరు పంపేవాళ్లం. అవతలి ఆఫీసులో ఆ నంబరుకు వాక్యం సిద్ధంగా ఉండేది. నువ్వు మనిషి కోసం వెతుకుతున్నావు. నంబరు కోసం వెతుకు.”

ప్రణవి బొమ్మ ఆ సాయంత్రం గోడ మీంచి నలభైసార్లు పడింది. నలభైసార్లూ ఒకే అంకె వచ్చింది: 212. కత్తి తిప్పితే 211. గుర్రమెక్కితే 213.

కంపెనీ ప్రోగ్రామరు సిద్ధార్థ టీ బండి దగ్గర దొరికాడు. ఈ మధ్యే చేరిన కుర్రాడు.

“ఆ నంబర్లు ఎవరిస్తారు బాబూ?” అనడిగారు త్రిపురసుందరి.

“కెమెరా మెషినే మేడమ్. తీసిన వరుసల అదే ఇస్తది.”

“మీరు మార్చరా?”

“ముట్టుకోం. జర ఒక్కటి మారిస్తే గేమంతా గోవిందా. గా పడుడు సూశిన్రా? మస్తు నాచురల్ ఉంటది. అందరూ మెచ్చుకున్నరు.”

అందరూ రవిచంద్ర ఆఫీసులో కూడారు. బసవపున్నయ్యను చక్రాల కుర్చీలో తెచ్చారు. గోడ వారగా వీరరాఘవయ్య నిలబడ్డాడు. త్రిపురసుందరి నెమ్మదిగా చెప్పారు.

“రెండు వందల పదకొండు పదో తేదీది. రెండు వందల పదమూడు పన్నెండో తేదీది. నడుమ ఉన్న రెండు వందల పన్నెండు పదకొండో తేదీన తీసినదే. మూసి ఉందన్న ఫ్లోరులో, నడుముకు తాడున్న మనిషొకడు ఆ తాడు కోసం తడుముకుంటూ పడ్డాడు.”

రవిచంద్ర చిరునవ్వు నవ్వాడు. “మెషిన్ ఎర్రర్ అంటాను మేడమ్. కోర్టులో ఓ పదేళ్లు నిరూపించుకోండి.”

ప్రణవి తల వంచుకుంది. అతను చెప్పింది నిజం. అంకెలు బోనెక్కి ప్రమాణం చెయ్యవు.

త్రిపురసుందరి అతని వైపు చూడనే లేదు. “వీరరాఘవయ్య గారూ, వేడి గిన్నెను ఎవరైనా వేళ్లతో పట్టుకుని వదిలేస్తారు. అరచేతులు రెండూ బొబ్బలెక్కేది జారిపోతున్న తాడును వదలనివాడికి. తాడు మీద ఇద్దరుండాలి కదా. రెండోవాడేడి?”

వీరరాఘవయ్య తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

“టైమవుతోందని వాణ్ణి రవిచంద్ర సారు వేరే ఫ్లోరుకి పంపేశారండీ. ఒక్కణ్ణే ఆపలేకపోయాను. జారింది నీ చేతిలోంచి, జైలుకి నువ్వే పోతావన్నారు. మోసుకెళ్లి మెట్ల కింద పడుకోబెట్టాను. చొక్కా మీద సారా పోసింది నేనే.”

“పడితే పడ్డాడు, దాన్ని ఆటలో పెట్టుకున్నారా?” అంది కౌసల్య రవిచంద్రతో.

“అయితే నేను తాగలేదన్నమాట,” అన్నాడు బసవపున్నయ్య, భార్య వైపు తిరిగి.

“లేదయ్యా,” అంది కౌసల్య.

వీరరాఘవయ్య కాగితం అడిగాడు. నిలబడే రాయడం మొదలుపెట్టాడు.

“ఆగు బావా,” అన్నాడు బసవపున్నయ్య. “నీ కార్డూ పోతుంది. కేసవుతుంది. నా కాళ్లెలాగూ తిరిగి రావు.”

“తొమ్మిదేళ్ల కిందట సముద్రం సెట్టులో నా తాడే జారి నీ భుజం విరిగితే, కొక్కెం నేనే విప్పుకున్నానని యూనియన్‌లో చెప్పావు. నా కార్డు నిలబడింది ఆ మాట వల్లే. నీకోసం ఒక్క నిజం చెప్పాల్సి వచ్చిననాడు నేను సారా పోశాను.”

రెండు పేజీలూ నిండాయి. రవిచంద్ర పేరుతో పాటు తన పేరూ దాచకుండా రాసి, మచ్చలు కట్టిన చేత్తో వీరరాఘవయ్య సంతకం చేశాడు. త్రిపురసుందరి దాన్ని చదివి, సాక్షిగా తన సంతకం పెట్టి, బసవపున్నయ్య ఒళ్లో ఉంచారు. పక్క గదిలో ఎవరి ఫోనులోనో ఆ ఆట నడుస్తూనే ఉంది.

బసవపున్నయ్య కాగితాన్ని చివరిదాకా చదివాడు. ఆ తర్వాత స్నేహితుడి చెయ్యి పట్టుకున్నాడు.

“ఇక నువ్వు నాకేం బాకీ లేవు బావా,” అన్నాడు.