బోరు పంపుకి పెట్టిన బొట్టు

మూడో అంతస్తు సుమశ్రీ పనమ్మాయితో అన్నదట, ఆ పనమ్మాయి లిఫ్టు దగ్గర ఇంకొకరి చెవిన వేసిందట, అలా తిరిగి తిరిగి వసుమతమ్మ వంటింట్లోకొచ్చిన మాట ఇది: "ల్యాబు పిల్ల బోరు నీళ్లు పట్టుకుపోవడానికి వస్తే మీ వంశీ ఆమె ఐసు డబ్బా మోస్తున్నాడట. ఇంట్లో గ్యాసు బండ జరపమంటే నడుం నొప్పి అనే పిల్లాడు!"

వసుమతమ్మ పప్పుకి తాలింపు పెట్టింది.

మాటలో అబద్ధమేం లేదు. శ్రీనగర్ కాలనీలో వాళ్ల అపార్ట్‌మెంట్ బోరు నీళ్లలో సీసం ఉందని రిపోర్టు వచ్చింది. ఇచ్చింది యశస్విని. బోరబండ పిల్ల, అమీర్‌పేట ల్యాబులో కొత్తగా చేరింది, ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. నీళ్లలో, మట్టిలో ఏ లోహం ఎంతుందో, దానివల్ల మనుషులకెంత ముప్పో తేల్చడం ఆమె పని. రిపోర్టు చూసి జనమంతా ట్యాంకర్ల వెంట పడ్డారు. వసుమతమ్మ కొడుకు వంశీధర్ మాత్రం మళ్లీ పరీక్ష చేయించాల్సిందేనని పట్టుబట్టాడు. నీళ్ల మీద అంత ప్రేమ ఎక్కడినుంచి పుట్టుకొచ్చిందని ఎవరూ అడగలేదు.

రెండోసారి ఆమె వచ్చిన పొద్దున, రాత్రంతా కురిసిన వాన ఇంకా చినుకులు రాలుస్తోంది. వంశీ గొడుగు పట్టాడు. గొడుగంతా ఆమె మీద, వానంతా తన మీద.

"మీరు తడుస్తున్నరు."

"నేను శాంపిల్‌ని కాదుగా!"

"బాటిల్ మూత ముట్టకండి. మీ ఉంగరం వెండి సుత లెక్కలకొస్తది."

"తీసేస్తాను. ఇంకేం చెయ్యమంటారు?"

"మాటలు జర తగ్గించండి."

అని నవ్వింది. ఆ నవ్వుకి, పంజాగుట్ట వైపు నుంచి వచ్చే హారన్లు కూడా వంశీకి పెళ్లి సన్నాయిలా వినిపించాయి.

రెండో రిపోర్టులో సీసం జాడే లేదు. దాంతో వ్యవహారం అడ్డం తిరిగింది.

"మొదటిసారి ఆ అమ్మాయే ఏదో పాడుచేసింది. ల్యాబుకి కంప్లైంట్ రాద్దాం," అన్నాడు అసోసియేషన్ సెక్రటరీ చలపతిరావు. కంప్లైంట్ వెళ్లిందంటే ఆమె ఉద్యోగం ఊడినట్టే.

సాయంత్రం వాన తగ్గేదాకా అమీర్‌పేట మెట్రో మెట్ల కింద ఇద్దరూ నిలబడ్డారు. కోచింగ్ సెంటర్ల బోర్డుల వెలుగు తడి రోడ్డు మీద రంగురంగుల ఏరులా పారుతోంది. ఆ ఏరు మీద తామిద్దరూ ఎటో తేలిపోతున్నట్టుంది వంశీకి.

"తప్పు నాదే," అన్నది యశస్విని. "మొదటిసారి శుక్రవారం వచ్చిన. పంపు మూతికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉన్నది. మంచిగ తుడిచి, కడిగి, నీళ్లు జరసేపు వదిలినంకనే పట్టాలె. మా అమ్మ సుత నల్లాకు గట్లనే పెడ్తది. బొట్టు చెరపనీకి చెయ్యి రాలే. రెండోసారికి వాన కడిగేసింది. సీసం నీళ్లల్ల లేదు, గా కుంకుమల ఉన్నట్టున్నది."

వంశీ మొహం పాలిపోయింది. "ఆ బొట్టు పెట్టేది మా అమ్మే."

"ఆమె పేరు నేనెత్తను. కానీ గా కుంకుమ జర తెచ్చియ్యి, పరీక్ష చేస్త. రోజూ నుదుట పెట్టుకుంటది కదా, నాకు గదే ఫికర్."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని ఆమె గమనించుకోలేదు. వంశీకి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అమ్మకి తెలియకుండా చిటికెడు కుంకుమ తీసుకెళ్లి ఇచ్చాడు. రంగు కోసం ఎవరో కలిపిన సీసం దాంట్లో బయటపడింది.

ఆదివారం సెల్లార్లో మీటింగ్. యశస్విని లేచి నిలబడింది. "పంపు కడగకుండ శాంపిల్ పట్టిన. తప్పు నాది."

అంతే. కుంకుమ ఊసే ఎత్తలేదు.

వంశీ తల్లి వైపు చూశాడు. నోరు విప్పితే పదిమందిలో అమ్మ తల దించుకోవాలి. విప్పకపోతే ఈ పిల్ల మళ్లీ ఈ గేటు తొక్కదు.

"అమ్మా," అన్నాడు. "పంపుకి నువ్వు పెట్టే కుంకుమలో సీసం ఉంది. ల్యాబులో తేలింది. ఈవిడ దాన్ని చెరపలేక ఊరుకుంది. ఇప్పుడు నీ పేరు చెప్పలేక నింద నెత్తినేసుకుంటోంది."

వసుమతమ్మ కొడుకుని చూసింది. ఆ పిల్లని చూసింది. ఆ పిల్ల తన కొడుకుని చూస్తున్న చూపునీ చూసింది.

చలపతిరావు గొంతు సవరించుకున్నాడు. "భక్తి వేరు, డ్యూటీ వేరు. కంప్లైంట్ రాయాల్సిందే."

"రాయండి, చలపతిరావు గారూ," అంది వసుమతమ్మ. "మా ఇంటికి కాబోయే కోడలి మీద రాస్తున్నారని తెలిసే రాయండి."