ఉత్తరతీరంలో మగ అధ్యాపకులు ఎందరు?

పదిన్నరకల్లా నాలుగు మండలాల లెక్క తేలిపోయింది. విశ్వవిద్యాలయాల్లో మగ అధ్యాపకులు సీమలో నూటికి ముప్ఫై ఎనిమిది, గోదావరిలో నలభై ఒకటి, మిగతా రెండూ ఆ చుట్టుపక్కలే. ఉత్తరతీరం దగ్గరికి వచ్చేసరికి లెక్కలు పోల్చే యంత్రం తులనిక నింపాదిగా తొంభై మూడు చూపించింది. సత్యవేణి టీ గ్లాసు పక్కన పెట్టింది. మండలాలను పోల్చి ముద్ర వెయ్యడమే పదహారేళ్ళుగా ఆమె ఉద్యోగం, ఆడా మగా లెక్క తియ్యడం మాత్రం ఇదే మొదటిసారి. ఆ అంకె ఆమెకు నమ్మబుద్ధి కాలేదు.

సెలవుల పట్టీ తెరిచింది. నిరుడు ఉత్తరతీరంలో ప్రసూతి సెలవు తీసుకున్న మగ అధ్యాపకులు పందొమ్మిది మంది. ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్ళు మండింది. అంతమంది మగవాళ్ళు పురుడు పోసుకున్నా తులనికకు చీమ కుట్టినట్టయినా లేదు. తరగతుల్లో చెప్పే మనిషి కనపడరు, పాఠం వినిపిస్తుందంతే; ఏ గొంతు వినిపిస్తే దాన్నే అది లెక్కేస్తుంది.

పై అధికారి రామలింగం గారు తలుపు దగ్గర నిలబడ్డారు.

"పన్నెండింటికి ముద్ర పడాలమ్మా. ఉత్తరతీరాన్ని ఆదర్శ మండలంగా ప్రకటిస్తున్నారు. వచ్చే టర్ము నుంచి మిగతా చోట్లా ఆడవాళ్ళందరికీ గొంతు మార్చే కంఠకవచాలే."

"అంటే మీకు ముందే తెలుసా సార్, వాళ్ళు మగవాళ్ళు కాదని?"

"పాఠం ఎలా ఉందని అడిగితే పిల్లలు మగ గొంతుకే ఎక్కువ మార్కులేస్తున్నారు. మనకెందుకమ్మా?"

ఆయన వెళ్ళగానే సత్యవేణి ఆ పందొమ్మిది మందిలో మొదటి పేరుకు ఫోన్ చేసింది. ఆచార్య భాస్కర్, భౌతికశాస్త్రం. గంభీరమైన మగ గొంతు పలికింది.

"భాస్కర్ గారూ, పాప నడుస్తోందాండి?"

అవతల ఏదో క్లిక్కుమని ఊడింది. తర్వాత కవచం తీసిన ఆడ గొంతు వినిపించింది.

"ఇంకా పట్టుకుని నిలబడతాదండి. నా పేరు పుణ్యవతి. భాస్కరనే మనిషే లేడు. కవచం తీస్తే ఉజ్జోగం పోద్దని సంతకం పెట్టించుకున్నారు. పదకొండేళ్ళయింది. నా పాఠాన్ని ఇంకెవడో చెప్తన్నట్టుంటాది, కడుపు రగిలిపోతాది."

"పునఃశ్రవణం అని ఒకటుందండి. నేను అడిగితే అరగంటసేపు మండలంలో ఒక్క కవచమూ పనిచెయ్యదు. ఎవరు పాఠం చెబుతున్నారో తులనిక మళ్ళీ వింటుంది."

"మరింకేటి? అడగండి!"

"తులనికను అనుమానించిన వాళ్ళని మళ్ళీ ఈ కుర్చీలో కూర్చోనివ్వరండి. మీ ఉద్యోగాలూ పోవచ్చు."

"అందర్నీ ఒకేసారి తీసేస్తే పాఠాలెవరు చెప్తారటండి? పదకొండున్నరకి నాకు క్లాసుంది. మా వాళ్ళందరికీ కబురెడతాను, నోరు మూసుకుని కూర్చోవద్దని."

సత్యవేణి ఫోన్ పెట్టేసింది. పదహారేళ్ళ కుర్చీ అది, ఇష్టపడి చేసిన పని. అయినా దొంగ అంకె కింద తన ముద్ర ఉండటం ఆమెకు ససేమిరా ఇష్టం లేదు. సరిగ్గా పదకొండున్నరకి పునఃశ్రవణం నొక్కింది.

పుణ్యవతి తరగతి బల్లమీది శబ్దపేటికలో వినిపించింది. ఎవరో అమ్మాయి అడుగుతోంది: "మేడమ్, భాస్కర్ సార్ రాలేదా?"

"పదకొండేళ్ళుగా ఈ పాఠం నేనే చెప్తన్నానమ్మా. నిన్న ఆపిన దగ్గర్నుంచి రాసుకోండి."

తెరమీద తొంభై మూడు ఎనభై ఎనిమిదయింది. కాసేపటికి డెబ్భై దిగింది. రామలింగం గారు రొప్పుకుంటూ వచ్చారు.

"ఆపమ్మా! నీ కొంప నువ్వే ముంచుకుంటున్నావు!"

"వాళ్ళు మాట్లాడుతున్నారు సార్. నేనెలా ఆపను?"

అంకె నలభై దగ్గర కూడా ఆగలేదు. పన్నెండింటికి ఇరవై తొమ్మిది దగ్గర నిలిచింది. అయిదు మండలాల్లోకీ మగవాళ్ళు తక్కువున్నది ఉత్తరతీరంలోనే. రామలింగం గారు చూస్తుండగానే సత్యవేణి దానికింద తన ఆఖరి ముద్ర వేసింది.