వెనక వరుసలోంచి ఒక ప్రశ్న

ఆస్ట్రేలియా దక్షిణాన, హోబర్ట్ యూనివర్సిటీలో మా లెక్కల బిల్డింగు పై అంతస్తులో ఒక సెమినార్ గది ఉంది. పగటిపూట చూస్తే భయపడ్డానికి అక్కడ ఏమీ లేదు. బల్లలు, నల్లబోర్డు, ఏ చలికాలమూ సరిగ్గా పనిచేయని హీటరు. కానీ చీకటి పడిందంటే అటువైపు ఎవరూ పోరు. ఒంటరిగా బోర్డు ముందు నిలబడి ఏదైనా రుజువు చేస్తుంటే... వెనక వరుసలోంచి ఎవరో అడుగుతారట.

"ఎందుకు?" అని.

అంతే. ఒక్క మాట.

ఎప్పుడో ఒకమ్మాయి ఆ గదిలోనే ప్రసంగం ఇస్తూ, ప్రొఫెసరు వేసిన "ఎందుకు?"కి జవాబు చెప్పలేక, చేతిలో సుద్దముక్కతోనే బయటికి నడిచిపోయిందట. మళ్ళీ ఎవరికీ కనబడలేదట. డెర్వెంట్ నదిలో దూకిందని కొందరు, దేశం ఆ చివర పెర్త్ వెళ్ళి బ్యాంకులో చేరిందని కొందరు. మా డిపార్ట్‌మెంటు పెద్దలకు రెండూ ఒకటే లెండి.

నేను అప్పట్లో అక్కడే ఫస్టియర్ వాళ్ళకి ట్యుటోరియల్స్ చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పబోయే సంగతి నాకు చెప్పింది బ్రిడీ.

బ్రిడీది బర్నీ అనే చిన్న రేవు ఊరు. తండ్రికి చేపల పడవ ఉంది. ఆనర్స్ చివరి ఏడు చదువుతోంది. సొంతూరి హైస్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం ఆమె కోసం సిద్ధంగా ఉంది, ఆనర్స్ పాసవడమే తరువాయి. అందుకు ప్రసంగం ఇవ్వాలి. జ్వరమని ఒకసారి వాయిదా వేయించుకుంది. ఇక వాయిదా లేదు, రేపే.

"ఆ గదిలో ప్రాక్టీసా? చీకటి పడ్డాకా? నీకేమైనా పిచ్చా?" అన్నాడు ఆమె క్లాస్‌మేట్ ల్యూక్.

"నువ్వూ రారా, కూర్చుని విను."

"చచ్చినా రాను. నేను పబ్బులో ఉంటా. బతికుంటే అక్కడికొచ్చెయ్."

"దెయ్యం ముందైనా నిలబడతాను గానీ, రేపు గ్రేమ్ ముందు నీళ్ళు నమలడం నా వల్ల కాదురా బాబూ!" అంది బ్రిడీ. గ్రేమ్ అంటే ఆమె గైడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడంటే, ఎవరికో మూడిందన్నమాటే.

చలికాలం. సాయంత్రం అయిదు దాటేసరికే ఊరి వెనక కొండ మీంచి చీకటి దిగిపోయింది. బ్రిడీ పైకెళ్ళి లైటు వేసి, ఖాళీ బల్లలకు నమస్కారం పెట్టినట్టు తల వంచి, మొదలుపెట్టింది. సగం వరకు చకచకా సాగింది.

"ఇప్పుడు ఈ అంతులేని కూడికలో పదాల వరుస మారుద్దాం. మొత్తం మారదన్నది స్పష్టమే—"

"ఎందుకు?"

చేతిలో సుద్ద ఆగిపోయింది.

"ల్యూక్... వేషాలెయ్యకు."

వెళ్ళి బల్లల కింద చూసింది. ఎవరూ లేరు. తలుపు వేసే ఉంది. తిరిగి బోర్డు దగ్గరికొచ్చింది... అదే వాక్యం మళ్ళీ చదివింది.

"ఎందుకు?"

ఈసారి మరీ మెల్లగా. మరీ దగ్గరగా.

పరుగెత్తాలనే అనుకుందట. తలుపు దాకా వెళ్ళిందట కూడా. కానీ అక్కడ నిలబడి బోర్డువైపు చూసేసరికి, దెయ్యం కన్నా పెద్ద భయం పట్టుకుంది — ఎందుకో తనకీ తెలీదు! నాలుగు అంకెలైతే ఎటునుంచి కూడినా ఒకటే. అంతులేని కూడికలో వరుస మారిస్తే మొత్తమే మారిపోవచ్చు. ఇది సెకండియర్ పాఠం. "స్పష్టమే" అని రాసేసి, నెలల తరబడి ఆ గొయ్యి మీదే నడుస్తోంది. రేపు గ్రేమ్ కళ్ళజోడు తీస్తే... అంతా అయిపోయినట్టే.

వెనక్కొచ్చింది. చెరిపింది. రాసింది. మళ్ళీ చెరిపింది. వెనక నుంచి చల్లటి ఊపిరి మెడకు తగులుతున్నా తల తిప్పలేదు. చివరికి దొరికింది — మైనస్ గుర్తులన్నీ ప్లస్ చేసి కూడినా మొత్తం హద్దు దాటడం లేదు. అలాంటప్పుడు వరుస ఎలా మార్చినా ఫరవాలేదు.

"ఇదీ... ఇదీ కారణం," అంది ఖాళీ బల్లలతో.

సుద్ద బోర్డు అంచున పెట్టింది. తర్వాత వెనక వరుసలో ఒక అమ్మాయి గొంతు, ఎంతో తేలిగ్గా—

"ఓహో... అదా!"

అది పరీక్ష పెట్టే గొంతు కాదు. ఇన్నేళ్ళూ అర్థంకాక కూర్చున్న ఎవరిదో గొంతు. బ్రిడీకి పాపం అనిపించిందట.

మర్నాడు సరిగ్గా ఆ చోటే గ్రేమ్ కళ్ళజోడు తీశాడు. బ్రిడీ ఆయన నోరు తెరవకముందే కారణం చెప్పేసింది. ఆయన నవ్వి, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. ఫస్ట్‌క్లాసు! తండ్రి ఫోన్లోనే ఏడ్చేశాడు.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. మొన్న అదే బిల్డింగు మెట్ల దగ్గర బ్రిడీ కనబడి ఇదంతా చెప్పింది. మనిషి బాగా చిక్కిపోయింది. వేళ్ళనిండా సుద్ద.

"మరి బర్నీ ఎందుకు వెళ్ళలేదే? ఆ ఉద్యోగం?"

"నేను వెళ్ళకపోయేసరికి వేరే ఎవరికో ఇచ్చేశారు." గొంతు బాగా తగ్గించింది. "ఆ రాత్రి... నేను లైటు ఆర్పబోతుంటే ఇంకో మాట కూడా అడిగింది."

"ఏమని?"

"'తర్వాత?' అని."

"నువ్వేం చెప్పావు?"

"ఏం చెప్తాను? ఆ లెక్క తర్వాత ఏముందో ఇప్పటిదాకా ఎవరికీ తెలీదు. రేపు చెప్తానన్నాను. రోజూ అదే అంటున్నాను."

బయట చీకటి పడుతోంది. బ్రిడీ కోటు బొత్తాలు పెట్టుకుంది. వీధిలోకి వెళ్తుందనుకున్నాను... మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.